గుణుపురంలో 20 పడకల ఆసుపత్రి: వైద్య వ్యర్థాల ఏర్పాటు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో 20 పడకల ఆసుపత్రి కడుతున్నారు. ప్రసవాలు, చిన్నపాటి శస్త్రచికిత్సలు, కింది అంతస్తులో రక్తపరీక్షల ల్యాబ్ ఉంటాయి. భవనం పని చివరికి వచ్చింది. వ్యర్థాల సంగతి అడిగితే, పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చేస్తే సరిపోతుందని మేస్త్రీ అన్నాడు. వ్యర్థాలను కాల్చే యంత్రం, అంటే చిన్న ఇన్సినరేటర్ కొనుక్కోమని ఒక అమ్మకందారు వెంటపడుతున్నాడు. మున్సిపాలిటీ చెత్తబండి రోజూ వస్తుంది కదా, ఇంత హైరానా ఎందుకని మీ భాగస్వామి అంటున్నారు. ఈ మూడింటిలో ఏ దారి పట్టాలని మీరు అడిగారు.

మూడూ వద్దు. రాయగడ, కొరాపుట్ జిల్లాల ఆసుపత్రుల్లో నర్సింగ్ పర్యవేక్షణ, ఆ తర్వాత సిబ్బంది శిక్షణ నా వృత్తి. ఆ అనుభవంతో చెబుతున్నాను: అందరూ యంత్రం దగ్గరో గొయ్యి దగ్గరో మొదలుపెడతారు. మీరు మాత్రం సంచిని చివరగా ఎత్తి బండిలో వేసే మనిషిని ముందు తలచుకోండి. ఆ చేతికి ఏమీ గుచ్చుకోకూడదు, ఏమీ కారకూడదు, సంచిలో ఏముందో ఆ మనిషికి చూడగానే తెలియాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రోగి మంచం దాకా వస్తే మీ ప్రణాళిక దానంతట అదే తయారవుతుంది.

ముందు గొయ్యి సంగతి. 2016 జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల్లో లోతుగా పూడ్చే పద్ధతి ఉన్న మాట నిజమే. అయితే అది ఉమ్మడి శుద్ధి కేంద్రం (అనేక ఆసుపత్రుల వ్యర్థాలను బండ్లలో తీసుకెళ్లి ఒకేచోట శుద్ధి చేసే సంస్థ) అందుబాటులో లేని గ్రామీణ, మారుమూల ప్రాంతాలకు ఇచ్చిన వెసులుబాటు. దానికీ ముందస్తు అనుమతి కావాలి. గొయ్యి సుమారు 2 మీటర్ల లోతు ఉండాలి. సగం వరకే వ్యర్థాలు వేయాలి. ఉపరితలానికి 50 సెంటీమీటర్ల దిగువ దాకా సున్నం, ఆపైన మట్టి నింపాలి. వేసిన ప్రతిసారీ 10 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. కుక్కలు, పందులు తవ్వకుండా ఇనుప రేకో వలో పైన ఉండాలి. ప్లాస్టిక్‌ను, కాలం చెల్లిన మందులను అందులో వేయడానికి వీల్లేదు. వీటన్నిటి కంటే ముఖ్యమైన షరతు మేస్త్రీలకు తెలియదు: గొయ్యి అడుగు నుంచి భూగర్భ జలం కనీసం 6 మీటర్ల కింద ఉండాలి. అంటే నేల మీద నుంచి 8 మీటర్ల వరకు, దాదాపు 26 అడుగుల దాకా నీరు తగలకూడదు. శ్రావణంలో, భాద్రపదంలో మీ వీధిలోని బావిలో చేద వదిలి చూడండి. వంశధార ఒడ్డు ఊరిలో ఆ లోతు దాకా పొడి నేల దొరకడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. వరద ముంచే చోట గొయ్యి అసలు తవ్వకూడదని కూడా నియమం చెబుతోంది. కాశీపూర్ కొండల్లో దారి సరిగా లేని చిన్న ఆరోగ్య కేంద్రం నుంచి ఎవరైనా ఇదే ప్రశ్న అడిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మీది పట్టణం, శుద్ధి కేంద్రం బండి మీ గుమ్మం దాకా రాగలదు.

ఇన్సినరేటర్ మాట అమ్మకందారు మళ్లీ ఎత్తితే రెండు ప్రశ్నలు అడగండి. పొగను మళ్లీ కాల్చే రెండో గదిలో వేడి 1050 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండి, పొగ అక్కడ కనీసం రెండు సెకన్లు నిలుస్తుందా? పొగగొట్టం 30 మీటర్ల ఎత్తు ఉంటుందా? అతను మాట మారుస్తాడు. తక్కువ వేడిలో ప్లాస్టిక్, దూది కలిపి కాలిస్తే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషవాయువులు పుడతాయి. వాటిని పీల్చేది మీ పక్కింటివాళ్లు, మీ వార్డులోని బాలింతలు. పైగా 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆసుపత్రి సొంతంగా శుద్ధి యంత్రాలు పెట్టుకోవడాన్ని నియమాలే ఒప్పుకోవు. పాత డ్రమ్ములో వేసి కిరోసిన్ పోసి కాల్చడం ఈ జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. దాని గురించి చర్చ కూడా అనవసరం.

మున్సిపాలిటీ బండి విషయంలో మీ భాగస్వామి మాటలో సగం నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తే. అన్నం మెతుకులు, పండ్ల తొక్కలు, కాగితాలు, మందుల అట్టపెట్టెలు ఆ బండిలో నిక్షేపంగా వెళ్లవచ్చు. ప్రమాదం మిగిలిన 15 శాతంలో ఉంది. ఆ కొంచెం వెళ్లి మిగతాదానిలో కలిస్తే మొత్తం ప్రమాదకర వ్యర్థమే అవుతుంది. అప్పుడు శుద్ధి కేంద్రానికి కట్టే రుసుమూ పెరుగుతుంది, మున్సిపాలిటీ కార్మికుడి చేతికి సూదీ దిగుతుంది.

కాబట్టి మొదటి పని ఉమ్మడి శుద్ధి కేంద్రంతో ఒప్పందం. ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాయగడలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. గుణుపురానికి బండి పంపే కేంద్రం ఏదో అక్కడ అడగండి. పార్వతీపురమో శ్రీకాకుళమో దగ్గర కదా అని సరిహద్దు దాటించే ఏర్పాటు మీ అంతట మీరు చేసుకోవద్దు. మీకు అనుమతి ఇచ్చేది ఒడిశా మండలి. వ్యర్థాలు ఎవరికి ఇస్తున్నారో వాళ్లకు ముందే తెలియాలి.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు ధర కంటే ముందు అడగాల్సింది, బండి వారానికి ఎన్నిసార్లు వస్తుందని. మాంసఖండాలు, రక్తం అంటిన దూది, గుడ్డలు వంటివి శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. కాగితం మీద రోజు విడిచి రోజు అని రాసి, వారానికి ఒకసారి తొంగిచూసే బండ్లు ఉన్నాయి. మీకంటే ముందు నుంచి నడుస్తున్న రెండు మూడు ఆసుపత్రులకు వెళ్లి, బండి వచ్చిన రోజుల రశీదులు చూపించమనండి. మీకు అంతకు మించిన విచారణ అక్కర్లేదు.

బండి రాని రోజులకూ ఏర్పాటు ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి, రాయగడ జిల్లాల్లో ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. దారులు తెగిపోయాయని ప్రసవాలు ఆగవు. పేద దేశాల్లో ఒక పడకకు రోజుకు 0.2 కిలోలు, సంపన్న దేశాల్లో 0.5 కిలోల దాకా ప్రమాదకర వ్యర్థాలు వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే మీ 20 పడకలకు రోజుకు 4 నుంచి 10 కిలోలు అనుకోండి. నేనైతే కనీసం ఐదు రోజుల సరుకు పట్టే గది కట్టిస్తాను. మాయ (ప్రసవంలో బిడ్డ తర్వాత బయటికి వచ్చేది), కణజాలం వంటివాటి కోసం అందులో ఒక చిన్న డీప్ ఫ్రీజర్ పెట్టి జనరేటర్ లైనుకు కలుపుతాను. 48 గంటలు దాటుతోందంటే కారణం చెబుతూ మండలికి తెలియజేయాలి. ఫోను చేసి ఊరుకోకుండా ఒక లేఖ పంపి నకలు దాచండి.

ఆ గది ఎక్కడ? భవనం పని ఇంకా నడుస్తోంది కాబట్టి ఇప్పుడే నిర్ణయించండి. బండి నేరుగా గుమ్మం ముందుకు రావాలి. వంటగదికి, మంచినీటి ట్యాంకుకు దూరంగా ఉండాలి. నేల ఎత్తుగా, కడగడానికి వీలుగా టైల్స్‌తో ఉండాలి. తాళం, గాలి వచ్చే జాలీ కిటికీ, తలుపు మీద జీవ ప్రమాద చిహ్నం ఉండాలి. మెట్ల కింద ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టేవాళ్లు చాలామంది. అదే మెట్ల మీద గర్భిణులు కూర్చుంటారు.

ఇక అసలు చోటు, రోగి మంచం పక్కన. వేరు చేయడమనేది వ్యర్థం పుట్టిన నిమిషంలోనే జరగాలి. తర్వాత ఎవరో కూర్చుని ఏరుతారనుకుంటే ఆ ఏరే చేతులు మీ ఆయావే. పద్ధతి అందరూ వినే ఉంటారు: రక్తం అంటిన దూది, గాజుగుడ్డ, కట్లు, మాయ, కాలం చెల్లిన మందులు పసుపు సంచిలోకి, ఐవీ సెట్లు (సెలైన్ ఎక్కించే గొట్టాలు), కాథెటర్లు (ఒంట్లోకి పెట్టే గొట్టాలు), మూత్రం సంచులు, సూది తీసిన సిరంజీలు, గ్లౌజులు ఎరుపులోకి, సూదులు, బ్లేళ్లు సూది దిగని తెల్లటి డబ్బాలోకి, గాజు ఆంప్యూళ్లు, వయళ్లు (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న సీసాలు) నీలం గుర్తు ఉన్న డబ్బాలోకి. గోడకు పోస్టరు అంటించినంత మాత్రాన ఇది జరగదు. జరిగేలా చేసేది డబ్బా ఎంత దూరంలో ఉందన్న విషయం.

ఉదయం ఇంజెక్షన్ల వేళ ఒక నర్సు వెనక నడిచి చూడండి. ఆమె సూది వేస్తుంది, ఎడమ చేత్తో దూది నొక్కి పట్టుకుంటుంది, కుడి చేతిలో సిరంజీ ఉంటుంది. తెల్ల డబ్బా వార్డు చివర నర్సుల బల్ల మీద ఉంటే ఆ సిరంజీ కిడ్నీ ట్రేలో పడుతుంది. మరో ఇద్దరికి వేసేసరికి ట్రేలో మూడు సిరంజీలు, వాటి మీద దూది ముక్కలు చేరతాయి. తొందరలో ఒకదానికి మూత మళ్లీ తొడగబోతుంది. వేలికి దిగేది అప్పుడే. వార్డు చివరికి చేరాక దూదితో పాటు ఒక సూది కూడా పసుపు సంచిలోకి జారిపోతుంది. మధ్యాహ్నం ఆయా ఆ సంచిని కాలికి ఆనించుకుని మోస్తుంది. డబ్బా, సూది కోసే పరికరం, చిన్న ఎరుపు, పసుపు బకెట్లు ట్రాలీ మీదే ఉంటే ఈ కథ మొత్తం జరగదు. మీ డబ్బులో మొదటి వాటా ఆ ట్రాలీకి పెట్టండి. ట్రాలీకి బకెట్లు కట్టే ఇనుప వలయాలను గుణుపురంలో ఏ వెల్డింగ్ దుకాణమైనా చేసి ఇస్తుంది.

సూదికి మూత మళ్లీ తొడగకూడదన్న నియమం ఒక్కటి పాటించినా సగం గండం గడిచినట్టే. తెల్ల డబ్బా ముప్పావు వంతు నిండగానే మూసేయాలి. నిండిన డబ్బాలో సూదిని బలవంతంగా నొక్కే వేలు ఎవరిదో ఒకరిది ఉంటుంది. సంచులకూ ఇదే నియమం. ముప్పావు వంతు నిండాక మెడ మెలితిప్పి కట్టాలి, బార్‌కోడ్ అంటించాలి, ఒంటికి దూరంగా పట్టుకోవాలి. సంచిని నొక్కి గాలి తీసేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

సూది గుచ్చుకుంటే ఏమిటి? రోగికి హెపటైటిస్ బి ఉంటే, టీకా లేని మనిషికి సోకే అవకాశం 30 శాతం దాకా ఉంది. హెపటైటిస్ సి 1.8 శాతం, హెచ్‌ఐవీ 0.3 శాతం. జనం మూడోదానికే వణుకుతారు, మొదటిదాన్ని పట్టించుకోరు. మొదటిదానికి టీకా ఉంది. సున్నా, ఒకటి, ఆరు నెలల్లో మూడు మోతాదులు. వైద్యుడితో మొదలుపెట్టి ఆయా దాకా, కాంట్రాక్టు మీద వచ్చే ఊడ్చే మనిషి దాకా అందరికీ వేయించడం యజమానిగా మీ బాధ్యత. నియమాల్లో ధనుర్వాతం టీకా కూడా ఉంది. పారిశుద్ధ్య సిబ్బంది ఏజెన్సీ వాళ్లని, మన వాళ్లు కాదని తప్పించుకునే యాజమాన్యాలను చూశాను. సూది ఆ తేడా చూడదు.

గుచ్చుకున్న వెంటనే సబ్బు, పారే నీటితో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్ నీళ్లు పోయకూడదు. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ మందులు రాత్రి పదకొండింటికి ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరి దగ్గర దొరుకుతాయో ముందే కనుక్కుని ఫోను నంబరు నర్సుల బల్ల మీద అంటించండి. గుచ్చుకుందని చెప్పినవాళ్లను తిట్టే డాక్టరు ఉన్నచోట ఎవరూ చెప్పరు. మీ డాక్టర్లతో ఈ మాట ముందే మాట్లాడుకోండి.

బ్లీచింగ్ గురించి ఒక అపోహ ఉంది. ఏ వ్యర్థమైనా హైపోక్లోరైట్‌లో, అంటే బ్లీచింగ్ ద్రావణంలో నానబెడితే శుద్ధి అయినట్టేనని అనుకుంటారు. పసుపు సంచిలోకి వెళ్లే దూదిని, కట్లను అలా నానబెట్టకండి. వాటిని శుద్ధి కేంద్రంలో కాలుస్తారు. క్లోరిన్ చేరిన వ్యర్థాలు కాలితే మళ్లీ ఆ డయాక్సిన్లే. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సంచులను వద్దన్నదీ అందుకే. కాబట్టి సంచులు కొనేటప్పుడు క్లోరిన్ లేనివేనా అని అడగండి. మీ ల్యాబ్‌లో మాత్రం తప్పకుండా ముందే శుద్ధి చేయాలి. రక్త నమూనాలు, కల్చర్ ప్లేట్లు (క్రిములను పెంచి చూసే పళ్లేలు) భవనం దాటకముందే ఆటోక్లేవ్ చేయాలి, అంటే పీడనంతో కూడిన ఆవిరిలో క్రిములను చంపాలి. 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, 60 నిమిషాలు. పరికరాల కోసం వాడే ఆటోక్లేవ్‌లో వ్యర్థాలు పెట్టవద్దు, దీనికి వేరేది ఉండాలి. నేల మీద రక్తం ఒలికితే, ముందు దాని మీద పీల్చే గుడ్డ పరిచి, ఆపైన 1 శాతం క్లోరిన్ ద్రావణం పోసి ఆగి తుడవాలి. 30 శాతానికి పైగా క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు లీటరు నీటికి సుమారు 30 గ్రాములు కలిపితే అది వస్తుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మన ఎండలకు నిన్నటి ద్రావణం ఒట్టి వాసన నీళ్లే.

ద్రవ వ్యర్థాలను శుద్ధి చేయకుండా వీధి కాలువలోకి వదలడం కుదరదు. ల్యాబ్ సింకును, ప్రసవాల గది గొట్టాన్ని మామూలు డ్రైనేజీలో కలిపేశాక మళ్లీ గోడలు పగలగొట్టడం కంటే, ఇప్పుడే ప్లంబరుకు చెప్పి వేరే లైను వేయించి శుద్ధి ట్యాంకుకు కలపడం చవక.

తూకం. రోజూ ఏ రంగు సంచి ఎంత బరువుందో రాసే పుస్తకాన్ని అందరూ తనిఖీ కోసం నింపుతారు. నేను దాన్ని ఆసుపత్రి నాడిలా చదువుతాను. మీ దగ్గర నెలకు ఎన్ని సెలైన్ సీసాలు, ఎన్ని సిరంజీలు ఖర్చయ్యాయో స్టోర్ పుస్తకం చెబుతుంది. ఎరుపు సంచుల బరువు దానికి తగ్గట్టు లేకపోతే ప్లాస్టిక్ ఎక్కడికో పోతోందని అర్థం. పాత సామాన్ల వ్యాపారి సెలైన్ సీసాలకు మంచి ధర ఇస్తాడు. ఆ దారిలో సిరంజీలు కూడా వెళ్తే ఏమవుతుందో 2009లో గుజరాత్‌లోని మొడాసాలో దేశం చూసింది. వాడిన సిరంజీలు మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్ బి ప్రబలి అనేకమంది చనిపోయారు. అందుకే సిరంజీ మొనను వాడిన చోటే కోసేయాలి, సీసాలకు, గొట్టాలకు గాటు పెట్టాలి. పసుపు బరువు ఉన్నట్టుండి పెరిగితే అన్నం పొట్లాలు అందులో పడుతున్నాయని గ్రహించండి. రోగి బంధువుల కోసం మంచాల దగ్గర మామూలు చెత్తబుట్ట పెట్టారా లేదా చూడండి.

మీ ఊరి సిబ్బంది విషయం. నర్సులు ఒడియా, తెలుగు రెండూ చదువుతారు. ఆయాలు, ఊడ్చేవాళ్లు చాలావరకు సవర, కుయి మాట్లాడే కుటుంబాల నుంచి వస్తారు, కొందరికి ఏ లిపీ రాదు. అందుకని బకెట్ల మీద అక్షరాల బదులు వస్తువుల ఫోటోలు అంటించండి, మీ సొంత ట్రాలీ మీద మీరే తీసినవి. శిక్షణ ఏడాదికి ఒకసారి తప్పనిసరి. అయితే ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, తెల్ల కోటు వేసుకున్నవాళ్లు కాకుండా పాత ఆయా చేత కొత్త ఆయాకు సంచి కట్టడం నేర్పించండి. వాళ్ల భాషలో, వాళ్ల చేతులతో నేర్చుకున్నది నిలుస్తుంది. మందపాటి గ్లౌజులు, బూట్లు సరైన కొలతలో కొనండి. పెద్ద కొలత గ్లౌజు తొడిగితే పట్టు జారుతుంది, రెండో రోజు విప్పి పక్కన పెడతారు.

ప్రసవమయ్యాక మాయను ఇంటికి తీసుకెళ్తామని అడిగే కుటుంబాలు కూడా వస్తాయి. నియమాల్లో అది పసుపు సంచికి చెందిందే. కసిరి పంపకుండా, వాళ్ల భాష తెలిసిన ఆశా కార్యకర్త చేత ప్రసవానికి ముందే నచ్చజెప్పించండి. నొప్పులు వస్తున్నప్పుడు ఆ చర్చ జరగకూడదు.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. అనుమతికి ఫారం 2లో దరఖాస్తు చేయండి. శుద్ధి కేంద్రంతో కుదిరిన ఒప్పందాన్ని జతచేయాలి. 30 పడకలు, అంతకు మించి ఉన్న ఆసుపత్రులకు వ్యర్థాల పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీకు ఒక అర్హత గల బాధ్యుడు చాలు. ఆ బాధ్యుడిగా పని ఒత్తిడిలో ఉన్న డాక్టరును పెట్టకండి, వార్డు సిస్టరును పెట్టి, రోజుకు ఒక గంట ఆ పనికే కేటాయించండి. ప్రమాదాలను ఫారం 1లో, వార్షిక నివేదికను ఫారం 4లో ఇవ్వాలి. నివేదికకు గడువు ఏటా జూన్ 30. రికార్డులు ఐదేళ్లు దాచాలి. పడకలు తెరిచే తేదీ ఇంకా ఖరారు కాలేదన్నారు కాబట్టి, శుద్ధి కేంద్రం బండి మొదటిసారి వచ్చే తేదీ ఒప్పందంలో తేలాకే ప్రారంభోత్సవ ఆహ్వానపత్రికలు అచ్చుకు ఇవ్వండి.